నులక మంచం మీద ఈత

నాకు నలభై రెండేళ్లప్పుడు మా ఇంట్లో ఇద్దరం కొత్త చోటికి కాపురం వెళ్లాం. మా అమ్మాయి అత్తగారింటికి, నేను అండమాన్‌లో యూనివర్సిటీ హాస్టలుకి.

కొత్త అల్లుడు ఇంటికొస్తే అత్త కోడిని కోసి కూర వండాలి గానీ, భుజాన పుస్తకాల సంచి తగిలించుకొని సముద్రం దాటిపోవడం ఏమిటని కంభంలో మా వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది. వేసుకోనీ. ముక్కు వాళ్లది, వేలూ వాళ్లదే. మధ్యలో నాకేం నొప్పి?

అసలు సంగతేమిటంటే, మార్కాపురంలో ఒక ప్రైవేటు కాలేజీలో పదిహేనేళ్లు నేను ల్యాబు అటెండరుగా పనిచేశాను. గాజు గొట్టాలు కడగడం, సీసాల్లో కప్పలకీ చేపలకీ మందు నీళ్లు మార్చడం, పిల్లలు కిందపడేసినవి ఊడ్వడం. జువాలజీ చెప్పే ఆయన నెలకు పది రోజులు వచ్చేవాడు కాదు. ఆ పది రోజులూ చేపకి ఎక్కడ ఏముందో పిల్లలకి నేనే చెప్పేదాన్ని. పిల్లలు నేను చెప్పిందే రాసి పాసయ్యేవాళ్లు. ఒకరోజు యజమాని వచ్చి బోర్డు దగ్గర నన్ను చూసి, "డిగ్రీలు లేనోళ్లు సుద్దముక్క పట్టుకోగూడదమ్మా, చీపురు పట్టుకో" అన్నాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, దానికి వేరే ఇల్లు లేదు. సుద్దముక్క ఆయన చేతిలో పెట్టి, ఆ ఏడాదే దూరవిద్యలో డిగ్రీ కట్టాను. అదయ్యాక పీజీ ఎంట్రన్సు రాశాను. ఆ దీవికి ఎవరూ పోరు కాబట్టి అక్కడ సీటు మిగిలింది, మిగిలింది కాబట్టి నాకొచ్చింది. సబ్జెక్టు సముద్రంలో బతికే జీవాల గురించి.

నేను పుట్టింది హనుమంతునిపాడు పక్కన పల్లెలో. మాకు నీళ్లంటే ట్యాంకరు. సముద్రాన్ని నేను మ్యాపులో నీలం రంగుగా తప్ప ఎరగను. కబురు వినగానే మా మేనత్త, "చేపల్ని పట్టేదానికి ఎమ్మెస్సీ ఎందుకే, వల చాలదా?" అంది. మా ఆయన కంభంలో టైలరు. ఆయన మాత్రం మిషను ఆపకుండానే, "పో. రెండేండ్లు ఎంతలో అయిపోతాయి. నా అన్నం నేను వండుకుంటా" అన్నాడు. అంత తొందరగా ఒప్పుకున్నందుకు నాకు కాస్త అనుమానం కూడా వచ్చింది.

దీవికి వెళ్లే ముందు యూనివర్సిటీ వాళ్లు ఒక పట్టీ పంపారు, ఏమేం తెచ్చుకోవాలో. అందులో నీళ్లలో రాసుకునే పలక ఒకటి ఉంది. పలక! దేశానికంతా పలకలు పంపే మార్కాపురం పక్కన బతికినదాన్ని, నాకు పలక గురించి ఎవడు చెప్పాలి? చెక్క చట్రం వేసిన అసలు రాతి పలకలు ఆరు తీసుకొని, బలపాల డబ్బాతో సహా మోసుకుపోయాను. క్లాసులో అందరికీ తలా ఒకటి కానుకగా ఇద్దామని నా ఉద్దేశం. తీరా చూస్తే వాళ్లు అడిగింది నీళ్లలో చెరిగిపోకుండా పెన్సిలుతో రాసుకునే ప్లాస్టిక్కు అట్ట. నా పలక మీద రాసినది నీళ్లు తగలగానే పోతుంది, పలక మాత్రం రాయి కాబట్టి నేరుగా అడుక్కి పోతుంది. మా మేడం నాకంటే పదేళ్లు చిన్నది, మలయాళీ మనిషి, పలకని అటూ ఇటూ తిప్పి చూసి, చాలా మర్యాదగా దాన్ని పుస్తకాలు ఎగిరిపోకుండా టేబుల్ మీద పెట్టుకుంది.

నా రూమ్మేటు ఇరవై రెండేళ్ల బెంగాలీ పిల్ల. నన్ను దీదీ అనేది. కంభంలో మా పక్కింటి సాయిబుల దగ్గర నేర్చుకున్న ఉర్దూతో ఆ పిల్లకి నేను, హిందీతో నాకు ఆ పిల్ల, కాలం బాగానే గడుస్తోంది. చదువూ బాగానే సాగుతోంది. సీసాల్లో పదిహేనేళ్లు చూసిన మొహాలే కదా, పుస్తకంలో కనబడితే చుట్టాలు కనబడినట్టే ఉండేది.

అంతా చెడింది ఒక్క మధ్యాహ్నం.

ఆ రోజు మమ్మల్ని సముద్రం ఒడ్డుకి తీసుకుపోయారు. మేం పోయేసరికి సముద్రం వెనక్కి పోయి ఉంది. ఒడ్డు నుంచి లోపలికి అర కిలోమీటరు దాకా రాళ్లూ బురదా తేలి ఉన్నాయి. అందులో నడుచుకుంటూ గవ్వల్నీ పీతల్నీ లెక్కపెట్టాం. పన్నెండుకి మేడం అన్నానికి పిలిస్తే అందరూ సంచులు తీసుకొని ఒడ్డుకి పోయారు. నేను నా సంచిని అక్కడే ఒక రాయి మీద పెట్టి చేతులూపుకుంటూ పోయాను. మళ్లీ అక్కడికే కదా రావాలి, మోయడం ఎందుకు?

నన్ను తిట్టే ముందు మా కంభం చెరువుని ఒకసారి గుర్తు తెచ్చుకోండి. మా చెరువులో నీళ్లు వెనక్కి పోయాయంటే ఇక పోయినట్టే. ఆ తడి నేలలో జనం విత్తనం వేస్తారు, గొర్రెలు తోలుతారు, పంట కోసుకుంటారు. మళ్లీ నీళ్లు రావాలంటే పైన ఎక్కడో నల్లమలలో వానలు పడాలి, మేమందరం ప్రార్థనలు చేయాలి, కొన్నిసార్లు రెండేళ్లు పడుతుంది. అన్నం తిని వచ్చేలోపు తిరిగొచ్చే నీళ్లు నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. పుస్తకంలో ఆటుపోట్ల గురించి చదివాను, పరీక్షలో రాశాను, మంచి మార్కులు కూడా వచ్చాయి. చదివినది బుర్రలో ఉంటుంది. చెరువు కాళ్లలో ఉంటుంది.

అన్నం తిని, చెట్టు కింద ఒక కునుకు తీసి లేచేసరికి ఎదురుగా సముద్రం. నా బురద లేదు, రాళ్లు లేవు. సంచి మాత్రం కొట్టుకుపోలేదు, ఎందుకంటే అందులో నా రాతి పలక ఉంది. ఆ రాయి మీదే కూర్చొని నీళ్లలో మునుగుతోంది, పట్టీ ఒక్కటి పైకి తేలి నన్ను పిలుస్తోంది. అందులో రెండు నెలల నా నోట్సు ఉన్నాయి. "ఓరి నీ అమ్మకడుపు మాడా!" అని సముద్రాన్నే తిట్టి, చీర కుచ్చిళ్లు దోపుకొని దిగాను. మోకాలు దాకా, నడుము దాకా బాగానే ఉంది. తర్వాత అడుగు వేసిన చోట అడుగు లేదు.

ఎన్ని గుక్కలు తాగానో తెలియదు. ఎవరో నా జడ పట్టుకొని పైకి లాగారు. మా డిపార్టుమెంటు పడవ నడిపే మనిషి. వాళ్ల తాతలు ఎప్పుడో శ్రీకాకుళం నుంచి వచ్చి ఈ దీవిలో స్థిరపడ్డారు. నన్ను గోనె సంచిని వేసినట్టు పడవలో వేసి, "ఏటప్పా, సెరువనుకున్నావేటి? ఎల్లిపోనాదంటే మల్లీ వచ్చెస్తాదని తెల్దా?" అన్నాడు. వాళ్ల మాటలో అప్ప అంటే అక్క. సరిగ్గా అదే అనుకున్నాను, చెరువే అని. ఉప్పు నీళ్లు కక్కుతూ కూడా అతని మీద కోపమే వచ్చింది నాకు.

మర్నాడు మేడం పిలిచింది. అరవలేదు. అరిస్తే నేనూ అరిచేదాన్ని, లెక్క సరిపోయేది. కాగితం మీద రాసి ఇచ్చింది. నెల రోజుల్లో నేను ఈత నేర్చుకోవాలి. జెట్టీ మెట్ల నుంచి కట్టేసిన పడవ దాకా పోయి, మళ్లీ మెట్ల దాకా రావాలి. ట్యూబు గానీ డబ్బా గానీ కట్టుకోకూడదు. ఈత రాకపోతే సముద్రంలో పని లేదు, సముద్రంలో పని లేకపోతే డిగ్రీ లేదు, సామాను సర్దుకోవడమే. ఆ రాత్రి దుప్పటి కప్పుకొని ఏడ్చాను. కంభం బస్టాండులో దిగడం, ఆ మార్కాపురం యజమాని మళ్లీ చీపురు చూపించడం కళ్లకు కట్టింది. చావనైనా చస్తాను గానీ ఆ చీపురు ముట్టుకోను అనుకున్నాను.

విషయం ఇంట్లో చెప్పడమే నేను చేసిన పెద్ద తప్పు. మూడు రోజుల్లో రెండు ఊళ్లూ నాకు ఈత నేర్పడం మొదలుపెట్టాయి. ఆ రెండు ఊళ్లలో ఆ రోజుకి కలిపి నాలుగు ట్యాంకర్ల నీళ్లు కూడా ఉండి ఉండవు.

ముందుగా మా ఆయన. ఈతకి వేరే బట్టలు కావాలని మేడం చెప్పిందంటే, "కొనేదెందుకు? నేను లేనా?" అని, గొడుగు గుడ్డ తెచ్చి, నా కొలతలు జ్ఞాపకం మీదే వేసుకొని, కుట్టి పార్సిలు పంపాడు. విప్పితే మోకాళ్ల కిందికి దిగిన నల్ల చొక్కా, దాని కింద పైజామా. చొక్కాకి రెండు జేబులు!

"జేబులు దేనికయ్యా?" అని ఫోనులో అడిగాను.

"ఫోను పెట్టుకుంటావని ఒకటి. గవ్వలు దొరికితే వేసుకుంటావని ఇంకొకటి. పైజామాకు నాడా గట్టిది ఎక్కించినా, సముద్రంలో ఊడితే బాగుండదు గదా."

మొదటిరోజు అది వేసుకొని నీళ్లలోకి దిగితే రెండు జేబులూ నిండి, రెండు బిందెలు నడుముకి కట్టుకున్నట్టు నన్ను కిందికి లాగాయి. మా రూమ్మేటు నవ్వలేక ఇసుకలో కూలబడింది. నవ్వు తగ్గాక నాకు నేర్పడానికి చూసింది పాపం. ఆ పిల్ల చేప. చేపకి ఈత వచ్చుగానీ నేర్పడం రాదు. "దీదీ, ఏమీ లేదు, ఊరికే ఈదు" అనేది.

ఇక మా పుట్టిల్లు. అక్కడ మా తమ్ముడి ఇంట్లో మా అమ్మ ఉంటుంది. అరవై ఐదు దాటాయి, ఇప్పటికీ మిరపకోతకి పిలిస్తే అందరికంటే ముందు పోతుంది. ఆదివారం గుడి అయ్యాక వీడియో కాల్ చేశారు. చేసింది మా తమ్ముడే గానీ, ఫోనులో సగం ఊరి తలకాయలు కనబడ్డాయి. పాస్టరు గారు, "ప్రభువా, మా సహోదరిని నీళ్ల మీద తేల్చు" అని కళ్లు మూసుకొని చాలాసేపు ప్రార్థన చేశారు. మా పెదనాయన అడ్డం వచ్చి, "తేలేదానికి మునగ బెండు నడుముకు కట్టుకోమ్మా, నేను నేర్సింది అట్లనే" అన్నాడు. ఏమీ కట్టకూడదన్నారు పెదనాయనా అంటే, "ఆ మేడం ఏందమ్మా, మనుసులను సంపేదానికి కూసోనుందా?" అని లేచిపోయాడు.

అప్పుడు మా అమ్మ ఫోను లాక్కుంది. "వాళ్ల మాటలు ఇనొద్దు. ముందు మంచం మీద బోర్లా పండుకో" అంది.

"ఎందుకమ్మా?"

"పండుకోమంటే పండుకోవే!"

పడుకున్నాను. ఫోనుని దిండుకి ఆనించాను. అక్కడ మా అమ్మ ఫోనుని జొన్నల బస్తాకి ఆనించి, చీర గోచీ పెట్టి, వాకిట్లో నులక మంచం మీద తానూ బోర్లా పడుకుంది. చుట్టూ ఆడవాళ్లు నోరు తెరిచి చూస్తున్నారు.

"మెడ ఎత్తు. జొన్న కోతకు పోయినప్పుడు చెయ్యి ముందరికి పోయి మొదలు పట్టుకొని ఎనక్కి గుంజుకుంటాము సూడు, అట్ల గుంజు. కాళ్లు యాడనో కొట్టుకోవద్దు, ఎనక్కి తన్ను. ఆఁ, తన్ను!"

సముద్రానికి ఇవతల నేను ఇనప మంచం మీద, అవతల మా అమ్మ నులక మంచం మీద, ఇద్దరం గాలిని కోసుకుంటూ తన్నుకుంటున్నాం. మా రూమ్మేటు తలుపు తీసి, చూసి, మళ్లీ వేసేసింది.

ఇలా పది రోజులు. రోజూ సాయంత్రం కాల్. మంచం మీద నేను బాగా ఈదుతున్నానని మా ఊళ్లో పేరొచ్చింది. నీళ్లలోకి దిగితే మాత్రం పలకలాగా అడుక్కి పోతున్నాను. గడువు ఇంకో వారం ఉంది. ఒకరోజు మధ్యాహ్నం ముక్కులోకి చెవుల్లోకి నీళ్లు పోయి, కళ్లు ఎర్రబడి వచ్చాను. మా అమ్మ ఫోను చేసి మొదలుపెట్టింది.

"నువ్వు నీళ్లతో కొట్లాడతాన్నావే. ఎవురితో అయినా కొట్లాడు, నీళ్లతో కొట్లాడొద్దు. గాలి బాగా పీల్చి, కదలకుండా పండుకో. నువ్వేమీ చెయ్యకుంటే నీళ్లే నిన్ను మోస్తాయి."

నాకు ఒళ్లు మండింది. "నీకేం తెలుసమ్మా? పొద్దున లేచి బిందెల మీద బిందెలు నీళ్లు నువ్వు మోసినావు. నిన్ను ఎప్పుడన్నా నీళ్లు మోసినాయా? మోకాలు తడవనిదానివి నాకు చెప్పొచ్చినావు!"

మా అమ్మ తిరిగి తిడుతుందనుకున్నాను. మా ఇంట్లో తిట్టుకి తిట్టు బాకీ ఉంచే అలవాటు లేదు. ఆమె మాత్రం కాసేపు ఫోనులో నా మొహం చూసింది. "సరేలే" అని పెట్టేసింది.

మర్నాడు కాల్ రాలేదు. నేనూ చేయలేదు. తప్పు నాదని తెలుసు, అందుకే చేయలేదు. తప్పు నాదైనప్పుడు నాకు ఇంకా ఎక్కువ కోపం వస్తుంది.

ఆ సాయంత్రం ఎవరూ లేనప్పుడు, మా పడవ మనిషిని మెట్ల మీద కాపలా పెట్టి నీళ్లలోకి దిగాను. జేబులు ముందే కుట్లు విప్పి పీకేశాను. గాలి పీల్చాను. సరే, ఏమీ చేయను, మునిగితే మునుగుతాను, నిండా మునిగినదానికి చలేమిటి అని వెల్లకిలా వాలాను. ఒక క్షణం చెవుల్లోకి నీళ్లు వచ్చాయి. తర్వాత నా నడుము కింద ఎవరో చెయ్యి పెట్టి ఎత్తినట్టయింది. పైన మబ్బు కనబడింది. మునగలేదు. నిజంగానే మునగలేదు. నాకు ఏడుపొచ్చింది, ఏడిస్తే గాలి పోతుందని ఆపుకున్నాను. ఒడ్డు మీంచి, "తేలినావప్పా! ఇంక సేతులాడించు!" అని అతను అరుస్తున్నాడు. బోర్లా తిరిగి, మెడ ఎత్తి, జొన్న కోసినట్టు చేతులు ముందుకు చాచి వెనక్కి గుంజాను. కదిలాను.

ఆ వారమంతా రోజూ పొద్దునా సాయంత్రం కోత కోశాను. మా అమ్మకి మాత్రం చెప్పలేదు. గెలిచాక చెబుతాను, అప్పుడు తప్పు ఒప్పుకోవడం కాస్త సులువుగా ఉంటుందని నా లెక్క.

పరీక్ష రోజు మేడం ఈల పట్టుకొని మెట్ల మీద నిలబడింది. క్లాసు క్లాసంతా వచ్చింది. గొడుగు గుడ్డ చొక్కాలో నన్ను చూసి ఎవరూ నవ్వలేదు, అదే నాకు ఎక్కువ భయం వేసింది. ఈల వేసింది, దిగాను. మా రూమ్మేటు ఈత చూడముచ్చటగా ఉంటుంది. నాది కుక్క ఈత అని నాకు తెలుసు. మెడ నిక్కబొడుచుకొని, చప్పుడు చేస్తూ, ఆయాసపడుతూ పోయి పడవని తాకాను. తిరిగి వస్తుండగా సగంలో కాళ్లు బరువెక్కాయి. మెట్లు కనబడుతున్నాయి గానీ దగ్గరికి రావడం లేదు. పాత బుద్ధి పుట్టి నీళ్లని గుద్దడం మొదలుపెట్టాను. ఒక గుక్క లోపలికి పోయింది. కొట్లాడొద్దే అన్న మాట గుర్తొచ్చి ఆపేశాను. వెల్లకిలా తిరిగి, గాలి పీల్చి, ఊరికే పడుకున్నాను. మేడం రెండు మెట్లు కిందికి దిగడం, పడవ మనిషి తాడు తీయడం కనబడింది. వద్దని చెయ్యి ఊపాను. ఊపిరి కుదిరాక మళ్లీ బోర్లా తిరిగి, మెల్లగా వచ్చి మెట్టు పట్టుకున్నాను.

మేడం కాగితం మీద సంతకం పెట్టింది. మధ్యలో పడుకోవడం ఎవరు నేర్పారని అడిగితే, మా అమ్మ అన్నాను. నిజంగానే, మా అమ్మకి ఎవరు నేర్పారు? తడి బట్టలతోనే మెట్ల మీద కూర్చొని తమ్ముడికి వీడియో కాల్ చేసి, అమ్మకి ఇమ్మన్నాను.

"అమ్మా, వచ్చింది. నెగ్గినాను" అన్నాను. ఆమె మొహం వెలిగింది. అప్పుడు తప్పించుకోలేక, "ఆ పొద్దు అట్ల అనగూడదమ్మా నేను. తప్పయింది. నువ్వు చెప్పినట్లే తేలినా. నీకెట్ల తెలుసు?" అని అడిగాను.

మా అమ్మ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది. "చిన్నప్పుడు కలుపుకు పోయేటోళ్లం గదా. ఆసామి అన్నానికి ఇంటికి పోయినప్పుడు ఆడపిల్లోళ్లం బావిలో దూకేటోళ్లం. ఎవురి బొక్కెన బావిలో పడినా నన్నే పిలిసేటోళ్లు. అడుగు దాకా మునిగి తెచ్చేదాన్ని."

"నాయనకు తెలుసా?"

"మీ నాయనకు సెప్పనేలేదు."

"మరి నాకెందుకు చెప్పలే? నాకెందుకు నేర్పలే?"

"యాడ నేర్పాలే? నీకు బెండు కట్టే వయసొచ్చేటప్పటికి ఆ బావిలో కప్పకు కూడా నీళ్లు లేవు. ఈత వచ్చని సెప్తే ఈది సూపియ్యమంటారు. బకెట్లో ఈదాల్నా?" అని నవ్వింది. నేనూ నవ్వాను.

"ఫోను అటు తిప్పు" అంది.

తిప్పాను. మా అమ్మకి కనిపించేలా సముద్రం వైపు చాలాసేపు పట్టుకున్నాను. కాల్ కట్టయిందేమో అనుకున్నాను.

"నీళ్లు సల్లగుండాయా?"

"లేదు, గోరువెచ్చగా ఉండాయి."

"ఊఁ... ఇంకొకసారి దిగే."

"పరీక్ష అయిపోయిందమ్మా. మేడం సంతకం కూడా పెట్టింది."

"పరీచ్చకు కాదే. నువ్వు ఈదు. నేను సూస్తా."

ఫోను రూమ్మేటు చేతికిచ్చి మళ్లీ మెట్లు దిగాను. వెనక నుంచి మా అమ్మ అరుస్తూనే ఉంది, "తొందరేం లేదు, మెల్లగా... ఇంకా మెల్లగా ఈదు" అని.